ఆవకాయ జాడీ ఎందుకు చెమరుస్తుంది?
సిరామిక్ స్టూడియో: మీ ప్రశ్నలు, మా జవాబులు

స్టూడియో సిరామిక్స్‌ను వృత్తిగా ఎంచుకున్నవాళ్లు, ఎంచుకోవాలనుకునేవాళ్లు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు. ఒకే సంగతి మీద వచ్చిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: కొన్నేళ్లుగా స్టోన్‌వేర్ (ఎక్కువ వేడికి కాల్చి గట్టిపరిచే మట్టి) కప్పులు, గిన్నెలు చేస్తున్నాను. ఈ వేసవిలో రెండు, మూడు కేజీలు పట్టే ఊరగాయ జాడీలు చేసి అమ్మాను. నెల తిరక్కముందే బయటవైపు తెల్లగా ఉప్పు పేరుకుంటోందని, అడుగున నూనె మరక పడుతోందని కొన్నవాళ్లు అంటున్నారు. కిల్న్ (కాల్చే బట్టీ) నుంచి తీసినప్పుడు గ్లేజ్ (గాజులాంటి పూత) అద్దంలా ఉంది. లోపం ఎక్కడ? – కె.ఆర్., రాజమహేంద్రవరం

జవాబు: కాఫీ కప్పులో బయటపడని తప్పును ఆవకాయ బయటపెడుతుంది. ఉప్పు, పులుపు, నూనె మూడూ ఏడాది పొడుగునా గోడను నొక్కుతూనే ఉంటాయి. మీ జాడీల్లో రెండు తప్పులు కలిసినట్టున్నాయి. మట్టి పూర్తిగా గట్టిపడలేదు, దాని మీద గ్లేజ్‌లో సన్నని పగుళ్లు వచ్చాయి. ఆ పగుళ్లలోంచి ఉప్పునీరు గోడలోకి ఇంకి, బయట నీరు ఆరిపోయి, ఉప్పు గడ్డకడుతోంది. ఇలాగే వదిలేస్తే ఆ ఉప్పు గడ్డలు గ్లేజ్‌ను పెచ్చులుగా లేపేస్తాయి కూడా.

ముందు మట్టిని పరీక్షించండి. జాడీలతోపాటే కాలిన, గ్లేజ్ వేయని ముక్కను పూర్తిగా ఎండబెట్టి గ్రాముల త్రాసులో తూచండి. దాన్ని 5 గంటలు నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లలోనే 24 గంటలు ఉంచి, తడిగుడ్డతో పైతడి అద్ది మళ్లీ తూచండి. 200 గ్రాముల ముక్క 209 గ్రాములు తూగితే 4.5 శాతం నీరు పీల్చిందన్నమాట. జాడీకి ఇది 1 శాతం దాటకూడదు. కప్పులకు 2 శాతం దాకా నడిచిపోతుంది. అందుకే మీకు ఇన్నాళ్లూ ఫిర్యాదు రాలేదు.

మట్టి సంచి మీద కాల్చాల్సిన వేడి '1200–1280' (సెల్సియస్ డిగ్రీలు) అని అచ్చు వేసి అమ్ముతారు. దాన్ని నమ్మకండి. 1280 దగ్గర బిగిసే మట్టి 1200 దగ్గర ఇంకా పీలుస్తూనే ఉంటుంది. 12 సెంటీమీటర్ల పొడవు, 3 వెడల్పు, 1 మందం ఉన్న పట్టీలు చేసి, రెండు చివర్లు మాత్రమే ఆనేలా పెట్టి, ఒక్కో ఫైరింగ్‌కు 15 డిగ్రీలు పెంచుతూ కాల్చండి. ప్రతిసారీ ఎంత నీరు పీల్చిందో, ఎంత కుంగిందో రాసుకోండి. పీల్చడం 1 శాతం కిందికి వచ్చి, పట్టీ మధ్యలో పెద్దగా కుంగని చోటే మీ ఉష్ణోగ్రత. మీ కిల్న్ అంత వేడి ఎక్కలేకపోతే మట్టిలో ఫెల్డ్‌స్పార్ (మట్టిని తక్కువ వేడికే బిగించే రాతిపొడి) 3 నుంచి 5 శాతం కలిపి మళ్లీ ఇదే పరీక్ష చేయండి.

ఇక గ్లేజ్. తీసినప్పుడు బాగుండి తర్వాత పగిలిందంటే దానికీ కారణం ఉంది. సరిగా కాలని మట్టి వారాల తరబడి గాలిలోని తేమను పీల్చి కొద్దికొద్దిగా ఉబ్బుతుంది. ఉబ్బిన గోడ మీద గ్లేజ్ చిట్లుతుంది. మట్టి సరిపడితే సగం పగుళ్లు వాటంతట అవే పోతాయి. మిగిలినవి గ్లేజ్ చల్లారేటప్పుడు మట్టికన్నా ఎక్కువ ముడుచుకోవడం వల్ల వస్తాయి. సోడా ఎక్కువైన గ్లేజ్‌లకు ఈ జబ్బు ఎక్కువ. సిలికాను 5 వంతులు, చాలకపోతే 10 వంతులు పెంచి చూడండి. పూత పలచగా వేసినా తేడా కనిపిస్తుంది. పరీక్షకు గిన్నెను రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి, పొద్దున సింక్‌లో పెట్టి మరిగే నీళ్లు పోయండి. మూడుసార్లు చేశాక సిరా రుద్ది తుడవండి. గీతలు కనిపిస్తే ఆ గ్లేజ్ జాడీకి పనికిరాదు.

జాడీ లోపలికి రంగు లేని, మెరిసే గ్లేజ్ ఒక్కటే వాడండి. 1280 డిగ్రీలకైతే పాతకాలపు 4-3-2-1 కొలత ఉంది: పొటాష్ ఫెల్డ్‌స్పార్ 40, సిలికా 30, సున్నపురాయి పొడి 20, చైనా క్లే 10. 1220 డిగ్రీలకు ఇది కరగదు, తక్కువ వేడికే కరిగించే బోరాన్ కావాలి. ఫెల్డ్‌స్పార్, వొలాస్టొనైట్ (సున్నం, సిలికా కలిసిన ఖనిజం), బోరాన్ ఫ్రిట్ (ముందే కరిగించి పొడి చేసిన గాజు), చైనా క్లే, సిలికా ఐదూ సమానంగా, ఒక్కోటి ఇరవై వంతులు, కలిపితే మంచి ఆరంభం. వొలాస్టొనైట్ రాజస్థాన్ నుంచి వస్తుంది. సిరామిక్ సరుకు అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతుంది. తర్వాత మీ మట్టికి తగ్గట్టు సిలికా సర్దుకోండి.

రాగి ఎక్కువున్న ఆకుపచ్చ మ్యాట్ (మెరుపులేని) గ్లేజ్‌లను లోపల వేస్తే పులుపుకు రాగి దిగుతుంది. తెల్ల వెనిగర్ పోసి 24 గంటలు ఉంచితే రంగు మారడం కంటికే కనిపిస్తుంది. సీసం, కాడ్మియం మాత్రం కంటికి కనిపించవు. వాటిని ల్యాబ్‌లోనే 4 శాతం ఎసిటిక్ యాసిడ్ పోసి 24 గంటలు ఉంచే పద్ధతిలో చూడాలి. అమ్మే ప్రతి లోపలి గ్లేజ్‌కు ఒకసారైనా చేయించండి. అమ్మేసిన జాడీలను వెనక్కి తీసుకోండి. ఇవ్వనంటే పప్పులు పోసుకోమనండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. వారాంతాల్లో వీల్ (సారె) మీద పని నేర్చుకున్నాను. ఇంటి కింది గదిలో చిన్న స్టూడియో పెట్టి, నిలదొక్కుకున్నాక ఉద్యోగం వదిలేయాలని ఆలోచన. ముందు మంచి ఎలక్ట్రిక్ వీల్ కొనమంటారా? – ఎస్.ఎల్.

జవాబు: ముందు కిల్న్ సంగతి తేల్చుకోండి. వీల్ లేకపోయినా మట్టిని పలకలుగా పరిచో, తాళ్లుగా చుట్టో పని నడుస్తుంది. కిల్న్ లేకపోతే అలమర నిండా పచ్చి కుండలే మిగులుతాయి. అద్దెకు వేరేవాళ్ల కిల్న్‌లో కాల్చుకోవడం మొదట్లో ఫర్వాలేదు. కానీ ఎంత వేడి, ఎంత వేగం అన్నది వాళ్ల చేతిలో ఉన్నంతకాలం మీ గ్లేజ్ మీ మాట వినదు.

ఒక్కరి పనికి లోపలి కొలత 45 సెంటీమీటర్ల ఘనం, అంటే దాదాపు 90 లీటర్లు, చాలు. 40 సెంటీమీటర్ల షెల్ఫ్ మీద పిడి కప్పులు డజను పడతాయి, మూడు అంతస్తులకు 36. బిస్క్‌లో, అంటే గ్లేజ్ వేయకముందు మొదటిసారి కాల్చేటప్పుడు, ఒకదానిపై ఒకటి పేర్చవచ్చు. గ్లేజ్ ఫైరింగ్‌లో మాత్రం రెండు కప్పులు తాకితే అతుక్కుపోతాయి. ఇలాంటి కిల్న్ 7, 8 కిలోవాట్లు లాగుతుంది. సింగిల్ ఫేజ్ మీద అది 35 ఆంపియర్ల మాట, మామూలు ఇంటి వైరింగ్ తట్టుకోదు. అడ్వాన్స్ ఇచ్చేముందే విద్యుత్ ఆఫీసులో త్రీ ఫేజ్‌కు, అదనపు లోడ్‌కు దరఖాస్తు పెట్టండి. విడి ఎంసీబీ, ఎర్తింగ్, తలుపు తెరవగానే కరెంటు ఆగిపోయే స్విచ్ తప్పనిసరి. గోడలకు కనీసం అరమీటరు దూరం, పొగ బయటికి లాగే ఫ్యాన్ ఉండాలి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో మాత్రం వద్దు.

అమ్మేవాళ్లు 1300 డిగ్రీలు ఎక్కుతుందని చెబితే మీరు 1220 దగ్గరే పనిచేయండి. గరిష్ఠ వేడి దగ్గర రోజూ నడిపితే కాయిల్స్ (వేడెక్కే తీగచుట్టలు) తొందరగా పోతాయి. కిల్న్ లోపలి వేడిని కొలిచే థర్మోకపుల్ 'ఎస్' లేదా 'ఆర్' రకం అడగండి. చవకైన 'కె' రకం ఎక్కువ వేడి దగ్గర నెమ్మదిగా తప్పు చూపడం మొదలుపెడుతుంది, మనకు తెలియదు. అందుకే ప్రతి ఫైరింగ్‌లో కోన్లు (తగిన వేడికి మెత్తబడి వంగే చిన్న శంకువులు) పెట్టాలి. కోన్ కొలిచేది వేడినీ కాలాన్నీ కలిపి. చివర్లో గంటకు 60 డిగ్రీల చొప్పున ఎక్కితే 1222 దగ్గర వంగే 6వ నంబరు కోన్, గంటకు 150 చొప్పున పరుగెత్తిస్తే 1243 దాకా వంగదు. డిస్‌ప్లే మీద అంకె చూసి స్విచ్ ఆపేసినవాళ్ల గ్లేజ్ ఒకసారి మెరిసి, ఇంకోసారి మసకబారడానికి సగం కారణం ఇదే.

వీల్ తర్వాత కొనవచ్చు, వాడినదైనా సరే.

ప్రశ్న: పళ్లెం అడుగున సరిగ్గా మధ్యలో 'ఎస్' అక్షరంలా పగులు వస్తోంది. కొన్ని ముక్కలు బిస్క్‌లో పేలిపోతున్నాయి. గాలిబుడగలు లేకుండా ఎంత పిసికినా అంతే. – ఎం.జె., అనంతపురం

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. మొదటిది వీల్ మీద పుడుతుంది. గోడలు లేపేటప్పుడు వేళ్ల ఒత్తిడి గోడ మట్టికి అందుతుంది, అడుగు మధ్యలోని మట్టికి అందదు. నొక్కుడు పడని మట్టి ఎక్కువ నీటితో ఉండి, ఎండేటప్పుడు ఎక్కువ ముడుచుకుంటుంది. అడుగు తెరిచాక చెక్క రిబ్బు (చదును చేసే చిన్న పలక)తో మధ్యనుంచి అంచుకు, అంచునుంచి మధ్యకు నాలుగైదుసార్లు గట్టిగా నొక్కండి. లోపల నిలిచిన నీటిని స్పాంజితో తీసేయండి. మీ ఊరి పొడిగాలి ఇంకో కారణం. అంచు ముందే ఎండి బిగిసిపోతే, తర్వాత ముడుచుకునే మధ్యభాగం చీలక తప్పదు. అంచుకు ప్లాస్టిక్ చుట్టి మధ్యభాగాన్ని తెరిచి ఉంచండి. అంచు పట్టుకుంటే వంగని దశ రాగానే చెక్కపలక మీద బోర్లించండి. అడుగు మందం 6 నుంచి 8 మిల్లీమీటర్లు, గోడ మందానికి దగ్గరగా ఉండాలి.

పేలడానికి గాలిబుడగలు కారణమనేది స్టూడియోల్లో తరతరాల పుకారు. పేల్చేది ఆవిరి. పైకి ఎండినట్టున్న ముక్కలో తడి మిగిలితే, 100 డిగ్రీలు దాటగానే అది ఆవిరై బయటికి దారి లేక గోడను పగలగొడుతుంది. ముక్కను చెంపకు ఆనించండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. కిల్న్‌ను గాలిబెజ్జం తెరిచి 80, 90 డిగ్రీల దగ్గర 3, 4 గంటలు ఉంచండి. మందపాటి శిల్పమైతే రాత్రంతా ఉంచండి. తర్వాత 600 దాకా గంటకు 100 డిగ్రీలు మించొద్దు. ఈ మధ్యలోనే మట్టిలో రసాయనికంగా కలిసున్న నీరు పోతుంది, 573 దగ్గర క్వార్ట్జ్ ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. 700 నుంచి 900 వరకు నెమ్మదిగా, గాలి ఆడేలా వెళ్తే మట్టిలోని కర్బనం మొత్తం కాలిపోతుంది. ఇది మిగిలితే గ్లేజ్ ఫైరింగ్‌లో సూదిబెజ్జాలుగా, బొబ్బలుగా తేలుతుంది. బిస్క్ 1000 దగ్గర ఆపేయండి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కిల్న్‌లో రాగి ఎరుపు తెప్పించవచ్చా? – పి., విశాఖపట్నం

జవాబు: తేలికగా రాదు. రాగి ఎర్రబడాలంటే కిల్న్‌లో ఆక్సిజన్ కరువు చేయాలి. గ్యాస్ కిల్న్‌లో 900 డిగ్రీలు దాటాక గాలి తగ్గించి చేసేది అదే. ఎలక్ట్రిక్ కిల్న్‌లో ఆ పని చేస్తే కాయిల్స్ మీది ఆక్సైడ్ పొర పోయి అవి త్వరగా పాడైపోతాయి. 0.5 శాతం కాపర్ కార్బనేట్‌తోపాటు మెత్తని సిలికాన్ కార్బైడ్ పొడి అరశాతం లోపు కలిపితే గ్లేజ్ లోపలే ఆక్సిజన్ తగ్గి కొంత ఎరుపు వస్తుంది, కాస్త ఎక్కువైతే బొబ్బలూ వస్తాయి. కేవలం ఎర్ర రంగు కావాలంటే రెడీమేడ్ స్టెయిన్ (గ్లేజ్‌లో కలిపే రంగుపొడి) కొనుక్కోండి.

ప్రశ్న: మాది కుమ్మరి కుటుంబం. నాన్న సారె మీద కుండలు చేసి ఆవంలో కాలుస్తారు. నేను డిగ్రీ చదువుతున్నాను. చెరువు మట్టితోనే స్టూడియో తరహా గ్లేజ్ సామాను చేయగలనా? ఎక్కడ నేర్చుకోవాలి? – వి.ఎస్., జనగామ జిల్లా

జవాబు: చేయి తిరిగిన పని ఇంట్లోనే ఉంది. వీల్ క్లాసులకు వేలకు వేలు కట్టేవాళ్లకన్నా మీరు చాలా ముందున్నారు. కొత్తగా నేర్చుకోవాల్సింది వేడి, రసాయనం, అమ్మకం.

చెరువు మట్టితో చేసిన పాత్రను 1220 దగ్గర పెట్టకండి. అందులోని ఇనుము, సున్నం వల్ల మట్టి అంతకుముందే మెత్తబడి, ఉబ్బి, ఆఖరికి షెల్ఫ్ మీద ముద్దగా కరిగిపోతుంది. ఆ మట్టికి 1000, 1050 డిగ్రీలు చాలు. ఆ వేడిలో కరిగే సీసం లేని ఫ్రిట్ గ్లేజ్‌లు దొరుకుతాయి. పాత్ర నీరు పీలుస్తుంది కాబట్టి లోపలా బయటా పూత ఉండాలి. సున్నపు గడ్డలు పడితే కాల్చిన వారానికి తేమ పీల్చి పెచ్చు లేపుతాయి. మట్టిని నీళ్లలో కలిపి 60 మెష్ (అంగుళానికి 60 కన్నాల) జల్లెడ పట్టండి.

ఇంకో దారి ఉంది, మాకు ఇదే ఎక్కువ ఇష్టం. పాత్రను కొన్న స్టోన్‌వేర్ మట్టితో చేసి, మీ చెరువు మట్టిని గ్లేజ్‌గా పూయండి. పాత్రగా కరిగిపోయే గుణమే గ్లేజ్‌గా పనికొస్తుంది. 80 మెష్ పట్టిన ఎండు మట్టి 70 వంతులు, ఫ్రిట్ లేదా ఫెల్డ్‌స్పార్ 30 వంతులతో మొదలుపెట్టి చిన్న బిళ్లల మీద కొలతలు మార్చి చూడండి. ఇనుమును బట్టి తేనెరంగు నుంచి నలుపు దాకా వస్తుంది. కారిపోతే షెల్ఫ్ పాడవకుండా బిళ్ల కింద చిన్న మట్టి పళ్లెం ఉంచండి.

చదువు సంగతి. నెల్లూరు దగ్గరి గూడూరులోని సిరామిక్ డిప్లొమా ప్రధానంగా పరిశ్రమ కోసం. ఆ చుట్టుపక్కల ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ దొరికే నేల కాబట్టి అక్కడ పుట్టిన చదువు అది. కళగా చదవాలంటే బరోడా ఎం.ఎస్. విశ్వవిద్యాలయం, శాంతినికేతన్ కళాభవన్, డిజైన్ వైపైతే అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్). పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ 1971లో మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ దగ్గర నేర్చుకున్నవాళ్లు దేశమంతా స్టూడియోలు నడుపుతున్నారు. పుదుచ్చేరి, ఆరోవిల్ చుట్టూ అలాంటి స్టూడియోలు చాలా ఉన్నాయి. ఏదో ఒకదానిలో సహాయకుడిగా ఏడాది పనిచేస్తే కిల్న్ నింపడం, గ్లేజ్ కలపడం చేతికి వస్తాయి. డిగ్రీ ఇవ్వలేనిది అదే.

2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కుమ్మరం ఉంది. శిక్షణ, పనిముట్లకు రూ.15,000 దాకా, 5 శాతం వడ్డీకి తనఖా లేకుండా మొదట లక్ష, తర్వాత రెండు లక్షల రుణం ఉంటాయి. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు, మీ ఇంట్లో ఎవరి పేరిట పెట్టాలో ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న: నా కప్పు రూ.300కు అమ్ముతున్నాను. అమ్ముడవుతున్నాయి కానీ చేతిలో ఏమీ మిగలడం లేదు. – ఆర్., బెంగళూరు

జవాబు: కాగితం మీద పెడదాం. అంకెలు ఉదాహరణకే, మీవి వేసుకోండి. మట్టి 450 గ్రాములు, కేజీ రూ.40 లెక్కన రూ.18. గ్లేజ్ రూ.12. బిస్క్, గ్లేజ్ ఫైరింగులకు కలిపి 95 యూనిట్లు, యూనిట్ రూ.9 అయితే రూ.855. 36 కప్పులకు పంచితే తలా రూ.24. కాయిల్స్, షెల్ఫుల అరుగుదలకు రూ.10. గది అద్దె వాటా రూ.40. మీ సమయం: వీల్ మీద 6 నిమిషాలు, అడుగు చెక్కడానికి 5, పిడికి 8, గ్లేజ్‌కు 6, కిల్న్ నింపడం, తీయడం, అడుగు రుద్దడం 5. మొత్తం అరగంట. గంటకు రూ.200 అనుకుంటే రూ.100. కూడితే రూ.204.

వందలో 82 మాత్రమే అమ్మకానికి పనికొస్తే రూ.204ను 0.82తో భాగించాలి, రూ.249. ప్యాకింగ్ రూ.40 కలిపితే రూ.289. నేరుగా రూ.300కు అమ్మితే మిగిలేది పదకొండు రూపాయలు. 40 శాతం కమీషన్ తీసుకునే దుకాణానికి ఇస్తే మీ చేతికి వచ్చేది రూ.180, అంటే ప్రతి కప్పుకూ మీరే వంద పైచిలుకు ఎదురిస్తున్నారు. దుకాణం ధర రూ.600 దగ్గర పెట్టండి. నేరుగా అమ్మినా అదే ధర ఉంచండి. తగ్గించి అమ్మితే దుకాణం మీ సరుకు మళ్లీ పెట్టుకోదు.

ధరకన్నా ముందు చూడాల్సింది ఆ 18 చెడిపోవడాన్ని. పిడి పగుళ్లా, గ్లేజ్ కారడమా, షెల్ఫ్‌కు అతుక్కోవడమా అని విడివిడిగా లెక్క రాయండి. సాధారణంగా ఒకే కారణం సగానికి పైగా తినేస్తుంటుంది. చాలా స్టూడియోలను నిలబెట్టేది కప్పులు కాదు, క్లాసులూ రెస్టారెంట్ల ఆర్డర్లూ. రెస్టారెంట్‌కు ప్లేట్లు ఇచ్చేటప్పుడు వ్యాసం తేడా 3 మిల్లీమీటర్ల లోపు ఉంటుందని రాసిచ్చి, సగం అడ్వాన్స్ తీసుకుని, 15 శాతం ఎక్కువ చేయండి.

ప్రశ్న: మట్టి దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదంటారు, నిజమేనా? – బి., తెనాలి

జవాబు: నిజం. మట్టిలోనూ గ్లేజ్‌లోనూ ఉండే సన్నని సిలికా ఏళ్ల తరబడి లోపలికి పోతే సిలికోసిస్ వస్తుంది, దానికి వైద్యం లేదు. స్టూడియోలో చీపురు పట్టకండి, తడిగుడ్డతోనే తుడవండి. పొడి కలిపేటప్పుడు ఎన్95 మాస్క్ పెట్టుకుని, నీళ్లలో పొడి వేయండి, పొడి మీద నీళ్లు పోయకండి. ఎండిన ముక్కలను ఇసుకకాగితంతో రుద్దే బదులు తడి స్పాంజి వాడండి. ఆప్రాన్ ఇంటి బట్టల్లో కలపొద్దు. మాంగనీస్ ఎక్కువున్న గ్లేజ్ కాలుస్తున్న కిల్న్ గదిలో కూర్చోవద్దు. బేరియం కార్బనేట్ విషం, అసలు కొనకుండా ఉంటే మేలు.

ప్రశ్న: పాత్రలు మాని శిల్పాలు చేయాలనుంది. 60 సెంటీమీటర్ల ఎత్తు పని చేయాలంటే? గ్యాలరీల దాకా ఎలా చేరాలి? – టి.ఎన్., వరంగల్

జవాబు: మీ మట్టి 12 శాతం ముడుచుకుంటే, కాలాక 60 రావాలంటే పచ్చిగా 68 సెంటీమీటర్లు చేయాలి. 60ను 0.88తో భాగించండి. 12 శాతం కలిపితే సరిపోదు. మట్టిలో గ్రాగ్ (కాల్చిన మట్టి నూక) 20 నుంచి 30 శాతం ఉంటే ముడత తగ్గి, ఆవిరికి దారి దొరుకుతుంది. గోడ మందం అంతటా ఒకేలా, ఒకటిన్నర సెంటీమీటరు చుట్టూ ఉండాలి. మూసుకుపోయిన ప్రతి గదికీ బెజ్జం పెట్టండి. కింద అదే మట్టితో చేసిన పలుచని పలక వేసి దాని మీద శిల్పాన్ని కాల్చండి. పలక కూడా దానితోపాటే ముడుచుకుంటుంది కాబట్టి అడుగు షెల్ఫ్‌కు పట్టుకుని చీలదు. 600 దాకా గంటకు 30 డిగ్రీలు చాలు. కిల్న్ ఎత్తు మించితే ముక్కలుగా చేసి, అతుకును రూపంలో భాగం చేయండి. స్టోన్‌వేర్‌లో నిలువెత్తు ద్వారాల్లాంటి పనులకు పేరుపొందిన పి.ఆర్. దరోజ్ పనిని గమనించండి, అతుకులు దాచినట్టు ఉండవు. హైదరాబాద్‌లో చదివి బరోడా వెళ్లిన కళాకారుడాయన.

గ్యాలరీకి పది రకాల పనులు చూపించకండి. ఒకే ఆలోచన మీద చేసిన ఎనిమిది, పది పనులు, బూడిదరంగు వెనుకతెర ముందు తీసిన ఫొటోలు, ఒక్కోదానికి కొలత, మట్టి, కాల్చిన ఉష్ణోగ్రత, సంవత్సరం, పేజీ మించని వివరణ చాలు. లలిత కళా అకాడమీ చెన్నై ప్రాంతీయ కేంద్రంలో సిరామిక్ స్టూడియో ఉంది, సొంత కిల్న్ లేనివాళ్లు అక్కడ చోటు అడగవచ్చు. 2018లో జైపూర్ జవహర్ కళాకేంద్రంలో మొదలైన ఇండియన్ సిరామిక్స్ ట్రైనియల్ అనే ప్రదర్శనకు ప్రతిపాదనలు పిలిచినప్పుడు పంపండి. పని రవాణాకు ఒక పెట్టె చాలదు. శిల్పాన్ని మొదటి పెట్టెలో కదలకుండా బిగించి, దాన్ని అన్ని వైపులా 5 సెంటీమీటర్ల ఫోమ్ ఉండేలా రెండో పెట్టెలో పెట్టండి. పొడుచుకొచ్చిన భాగాలకు ఏమీ ఆనకూడదు, బరువంతా అడుగు మీదే ఉండాలి. ఎలా విప్పాలో ఫొటోలతో ఒక కాగితం పైపెట్టె లోపలే అంటించండి, ఎందుకంటే ఎక్కువ పనులు విరిగేది లారీలో కాదు, గ్యాలరీలో విప్పేటప్పుడే.